విప్పకుండా కాల్చిన చీటీ

ఇన్నేళ్లుగా నాతోపాటే లేచి, నాతోపాటే పడుకునే మాట ఒకటి ఉంది. ప్రార్థనకు మోకరిస్తే నాకంటే ముందే అది వచ్చి కూర్చుంటుంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే నోరు పెగులుతోంది. తమిళనాడులోని మా ధర్మపురిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నా చదవడం వచ్చినవాళ్లు తక్కువ. మా అవ్వ నేర్పింది కాబట్టి నాకు వచ్చు. మా సంఘంలో ఎవరూ చదవలేని అక్షరాల్లో తప్పు ఒప్పుకుంటున్నాను. ఇది కూడా పిరికితనమేనా? అవుననే అనుకుంటాను.

నా భర్త మోటార్లకు వైండింగ్ కట్టేవారు. బస్టాండు వెనక వీధిలో చిన్న షాపు, దాని మీదే మా ఇల్లు. ఆదివారం మాత్రం షాపు మూసి, తీర్థమలై కొండ అవతల ఒక పల్లెకు వెళ్లి, రేకుల షెడ్డులో ప్రార్థన నడిపి సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. అక్కడ ఉండేవి మేకలు కాచుకునే కొన్ని కుటుంబాలు. వాళ్లకు పాస్టరంటూ ఎవరూ లేరు.

ఒకరోజు ఆ పల్లె నుంచి చిన్నక్క అనే ముసలామె సామల మూట చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. కాఫీ ఇస్తే పక్కన పెట్టి, నా భర్త వైపు తిరిగింది.

"ఐయా, ఆదివారం వచ్చి పొయ్యేవాళ్లు మాకు ఉండారు. జరమొచ్చినపుడు, సావొచ్చినపుడు పక్కన ఉండేవాళ్లే లేరు. మీరొచ్చి మాతోనే ఉండిపోండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. నా గుండెల్లో రాయి పడింది. మేకల వాసన నాకు కొత్త కాదు. మా పుట్టింటి ఊరు తుంబలహళ్లిలో వాటి వెనకే పెరిగాను. బిందె నెత్తిన పెట్టుకుని నడవడం, వానకు కారే కప్పు కింద గిన్నెలు పెట్టడం, అన్నీ తెలుసు. పెళ్లయి ఈ మేడ మీదికి వచ్చాక, వంటింట్లో కొళాయి తిప్పిన మొదటి రోజు దేవుడికి స్తోత్రం చెప్పి ఏడ్చాను. అదే దేవుడు ఇప్పుడు వెనక్కి పొమ్మంటాడా? ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటాడా? కోపం వచ్చింది. భక్తురాలినని పేరున్న నాకు దేవుడి మీద ఎంత కోపం వచ్చిందో మీకు చెప్పడానికే సిగ్గుగా ఉంది.

మా సంఘంలో పెద్ద నిర్ణయాలకు ఒక పద్ధతి ఉంది. ఉపవాసం ఉండి, రెండు చీటీలు రాసి, మడిచి, బైబిలు మీద పెట్టి ప్రార్థిస్తారు. రాసినవాళ్లు తీయకూడదు, తీసేవాళ్లు రాయకూడదు. చేతికి వచ్చిన చీటీయే దేవుని చిత్తం. మిగిలినదాన్ని విప్పి చూడరు. చూస్తే దేవుణ్ణి అనుమానించినట్టు. దాన్ని అలాగే కాల్చేస్తారు.

చీటీలు నన్ను రాయమన్నారు ఆయన. నా చెయ్యి మంచిదట.

పొద్దున్నే వంటింటి గట్టు మీద పెట్టి రాశాను. ఒకదాని మీద 'పో' అని, ఇంకోదాని మీద 'ఉండు' అని తమిళంలో రాయాలి. రెండింటి మీదా 'ఉండు' అనే రాశాను. ఆయన్ను నిజంగా పంపదలుచుకుంటే దేవుడు నా చేతిని ఆపలేడా, కలం విరిచెయ్యలేడా, సంఘపెద్దకు అనుమానం పుట్టించలేడా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. దేవుడు ఏమీ ఆపలేదు. ఆపకపోవడమే ఒప్పుకోవడం అనుకున్నాను. ఎంత తెలివి!

నా భర్త ఒక చీటీ తీసి చదివారు. కాసేపు కళ్లు మూసుకుని, "సరి, ఆండవరే" అన్నారు. ప్రభువును మేము తమిళంలోనే పిలుస్తాం. సంఘపెద్ద రెండో చీటీని అగ్గిపుల్లతో అంటించాడు. అది నల్లబడి ముడుచుకుపోయేదాకా నేను చూస్తూనే ఉన్నాను. మిగిలిన చీటీని ఎవరూ విప్పరని నాకు తెలుసు. వాళ్ల విశ్వాసమే నాకు అడ్డుగోడ అయింది.

తర్వాత ఆయన ఆ పల్లెకు వెళ్లడం తగ్గించి, చివరికి మానేశారు. దేవుడు వద్దన్న చోటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి అనేవారు. ప్రార్థనలో స్తోత్రాలు చెప్పేవారు గానీ ఏదీ అడిగేవారు కాదు. చిన్నక్క పోయిందని, ప్రార్థన చేసేవాళ్లు లేక ఊరికే మట్టి చేశారని ఆలస్యంగా తెలిసింది. ఆ రోజంతా ఆయన షాపులో రాగి తీగ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

సంఘంలోని ఆడవాళ్లు మాత్రం తమ చీటీలూ నన్నే రాయమని అడిగేవాళ్లు. నేను తప్పించుకుంటే వినయం అనుకునేవాళ్లు.

కిందటేడు ఆయనకు జబ్బు ముదిరింది. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం, గంజి తాగించి మూతి తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏమే, ఆండవరు నన్ను ఏమిటికి వద్దన్నాడో నీకేమన్నా తెలుసునా?"

"ఇప్పుడేమిటికి అదంతా?"

"నాలో ఏమో కొరత చూసినాడు. అదేందో తెలిస్తే సరి చేసుకుని పోదామని ఉండాది."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి ఉంటే తిట్టేవారా? తిట్టినా బాగుండేది. అప్పుడు మేడ పోతుందన్న భయం లేదు, కొళాయి పోతుందన్న భయం లేదు, కాపాడుకోవలసింది ఏమీ లేదు. ఆయన కళ్లలో నా మంచిపేరు ఒక్కటే ఉంది. దానికోసం నోరు మూసుకున్నాను.

"ఆయన చిత్తం మనకేం తెలుస్తాది? పండుకోండి," అన్నాను.

"సరి," అని గోడవైపు తిరిగారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ వారమే పోయారు.

మొదటిసారి భయంతో చేశాననుకుందాం. రెండోసారి చేసినదానికి ఏం పేరు పెట్టను? నిజంగా చీటీలు వేసి ఉంటే ఆయన చేతికి 'ఉండు' అనేదే వచ్చేదేమో. నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. దేవుణ్ణి అసలు ఎవరూ అడగనే లేదు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించగలిగిన మనిషి గోడవైపు తిరిగి వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం ఆయనకు చెప్పవలసిన మాట ఇక్కడ చెబుతున్నాను.

మీలో ఏ కొరతా లేదండీ. మిమ్మల్ని వద్దన్నది దేవుడు కాదు. నేను.