కక్ష కట్టి కట్టిన గది

గోడలకు చెవులుంటాయని అందరికీ తెలుసు. మా గోడలకు నోళ్లు కూడా ఉన్నాయి. స్పాంజి అతికించి ఆ నోళ్లు మూయించాననుకున్న తెలివిగలవాణ్ణి నేను. టీవీ చానల్లో ఏళ్ల తరబడి రికార్డింగు మీటలు నొక్కినవాడికి గది కట్టడం మాత్రం రాదా అనుకున్నాను. అన్నం తినేవాడు నాగలి పట్టబోయినట్టు.

ఫలక్‌నుమాలో మా ఇంటి వెనక బాపు బర్రెల కొట్టం ఖాళీగా ఉండేది. బోనాల పాటలు పాడే మా బస్తీవాళ్లు ఏటా ఆషాఢానికి ముందు మూసీ దాటి పోయి రికార్డు చేయించుకునేవారు. ఇక్కడే మంచి స్టూడియో ఉంటే వాళ్లకు ప్రయాణం తప్పుతుంది, ఉద్యోగం మానేసిన నాకు బతుకుదెరువు దొరుకుతుంది. స్టూడియోలు డిజైన్ చేస్తానని చెప్పుకునే పెద్దమనిషిని పిలిచాను. ఆయన కొట్టం మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి, కళ్లు మూసుకొని తలాడించాడు. ఆ తలాడింపుకే పడిపోయాను. గోడల నిండా ముళ్లముళ్ల స్పాంజి పలకలు వెలిశాయి.

అమ్మ వచ్చి చూసింది. "ఏందిరా గిది? గుడ్ల అట్టలంటించినవ్. కోళ్లను సాకుతవా?"

"సైన్సమ్మా" అన్నాను.

మొదటి పాటకు మా గల్లీ గాయని అక్క వచ్చింది. అమ్మవారిని పిలిచింది. అమ్మవారికన్నా ముందు లోకల్ రైలు పలికింది. రెండో చరణానికి పక్క వర్క్‌షాపు గ్రైండరు వంతపాడింది. స్పాంజి లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గాని బయటి మోతను ఆపదు. నాకప్పుడు తెలియదు. డిజైన్ చేసినాయనకు తెలిసుండాలి. అడిగితే అందరి ముందూ నవ్వాడు.

"నా డిజైన్‌కేమైందన్నా? రోగం మీ ఏరియాది. ఫలక్‌నుమాల సైలెన్స్ కావాల్నంటే యాడికెల్లి తేవాలె?"

"ఏమనుకోకు తమ్మీ, ఈసారికి మూసీ అవతలికే పోత" అంది అక్క.

ఆమె మీద కోపం రాలేదు. ఆయన నవ్వు మాత్రం చెవిలో ఉండిపోయింది. దాన్ని ఏ స్పాంజీ పీల్చలేదు.

కృషితో పైకొచ్చామని కొందరంటారు. నేను కక్షతో వచ్చాను. కక్షతో పుస్తకాలు చదివాను, కక్షతో స్పాంజి పీకాను. పాత గోడలకు ఎక్కడా తగలకుండా, రబ్బరు దిమ్మెల మీద, గదిలో గది నిలబెట్టించాను. రెండు గోడల నడుమ ఖాళీ, ఒకదాని వెనక ఒకటిగా బరువైన తలుపులు. ఒక్క మేకు రెండు గోడలనూ కలిపినా మోత దాని మీదుగా నడిచొస్తుంది. అందుకే మేస్త్రీ సుత్తి ఎత్తినప్పుడల్లా నేను పక్కనే.

"సార్, మీరు గది కడ్తున్నరా, ఎవలి మీదన్న కేసు కడ్తున్నరా?" అన్నాడతను.

"రెండూ" అన్నాను.

తలుపులు మూసిన రోజు రైలు వచ్చిందీ పోయిందీ మాకు తెలియలేదు. అక్క తిరిగొచ్చి పాడింది. ఆమె వెంట బస్తీ అంతా వచ్చింది.

ఈ ఆషాఢం ముందు ఆ పెద్దమనిషే దిగాడు. తాను రాసిన బోనాల పాట తానే పాడతాడట. అత్తవారివైపు వాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. క్షమించేద్దామనే అనుకున్నాను.

"సూసిన్రా? నేను డిజైన్ చేసిన స్టూడియోనే" అన్నాడు వాళ్లతో.

పాడేవాళ్ల హెడ్‌ఫోన్‌లో మేం కాస్త ఎకో పోస్తాం. చాయ్‌లో చక్కెరలాగ. అదుంటేనే ఎవరి గొంతు వారికి రుచిస్తుంది. అడిగి పోసేది కాదు, మా మర్యాద. ఆ రోజు చక్కెర వేయలేదు.

ఆయన ఎత్తుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఎగశ్వాస, గుటక, జారిన స్వరం, అన్నీ ఆయన చెవుల్లోకీ, అద్దానికి ఇవతల అత్తవారి చెవుల్లోకీ చక్కగా చేరాయి. వాళ్లకు హఠాత్తుగా మా పైకప్పు మీద ఆసక్తి పుట్టింది.

ఆయన ఆగి, హెడ్‌ఫోన్ తట్టి చూసుకున్నాడు. "అన్నా, దీంట్ల ఏందో కలుస్తున్నది. బయటికెల్లి ఏమన్న వస్తున్నదా?"

"ఏం రాదు భాయ్. గదిల మీరొక్కరే ఉన్నరు."

"మరి గీ గొంతు?"

"మీదే."

కాసేపు ఏమీ వినబడలేదు. ఎక్కడినుంచి తేవాలని ఆయన నవ్విన సైలెన్స్, ఫలక్‌నుమాలోనే.

"మళ్లా మొదటికెల్లి అందుకోండ్రి" అని, ఎకో మీటను సున్నా దగ్గరే ఉంచి, రికార్డింగు నొక్కాను.