తన చేతులతో నడిపినన్నాళ్లు

కోత మిల్లులో ఇరవై రెండేళ్లుగా మొగుడితో సమానంగా దుంగలు కోసిన ఆవిడని వీధంతా రంపమ్మ అనేవాళ్లు. ఎదురుగా అన్నా ఏమీ అనుకునేది కాదు.

మొగుడు పోయిన నెలకి లాయరు కాగితాలు చదివి వినిపించాడు. ఇల్లు భార్యగా ఆమెకే. మిల్లు మాత్రం ట్రస్టులో ఉంది, ట్రస్టీ మరిది. ఆమె తన చేతులతో మిషను నడిపినన్నాళ్లూ మిల్లు ఆమెది. నడపలేని రోజున మరిదిది.

"ఎవరూ బెదిరించి మీ చేత అమ్మించకూడదని అలా రాయించారమ్మా," అన్నాడు లాయరు.

పిచ్చి మారాజు! పెళ్లానికి పెద్ద మేలు చేశాననుకున్నాడు. తమ్ముడు ఎలాంటివాడో చచ్చేదాకా తెలుసుకోలేదు.

మర్నాడు పొద్దున మిల్లులో ఆమె ఒక్కతే రంపం బల్ల మీద పొట్టు ఊడుస్తుంటే మరిది వచ్చాడు. "ఈ వయసులో నీకెందుకు వదినా ఈ పాట్లు?" అంటూనే సుత్తి అందుకుని ఆమె కుడిచేతి మీద మూడు దెబ్బలు వేశాడు. ఎముకలు పటపట విరిగాయి. కళ్లు బైర్లు కమ్మినా ఎడంచేత్తో వాడి జుట్టు పట్టుకుని మొహం బల్లకేసి బాదింది. ముక్కు పగిలినా వాడు ఇకిలించాడు.

"బాదుకో. లాయర్ని రమ్మన్నాను. మిషన్లో పడి చెయ్యి పోయిందని చెప్తా."

రంపమ్మ ఒళ్లు మండిపోయింది. వాడి మీదకన్నా పోయినాయన మీద ఎక్కువ మండింది. "నా చెయ్యే ఆస్తి అని రాసి పోయావు కదయ్యా!" అని గోడకేసి అరిచింది.

లాయరు వచ్చి ఆ చెయ్యి చూసి హడలిపోయాడు. "ముందు ఆస్పత్రికి పదండమ్మా!"

"ముందు మిషను," అంది. తువ్వాలు చుట్టిన చెయ్యి కడుపుకి అదుముకుని స్విచ్ వేసింది. "నేను ఇటు నుంచి చెక్క లాగాలి, అటు నుంచి ఒకరు తొయ్యాలి. ట్రస్టీవి కదా, రా, పట్టు."

ఎలాగూ కూలబడుతుందిలే అని వాడు పట్టాడు. జన్మలో చెక్క ముట్టినవాడు కాదు. తోసేవాడు రంపానికి జానెడు దూరంలో చేతులు తీసెయ్యాలి. ఆ దూరం చూసి "వదులు" అని కేకెయ్యడం లాగేవాళ్ల పని. ఏ పనివాడి దగ్గరా ఆమె ఆ కేక మరిచింది లేదు.

ఎడంచేత్తో లాగింది. వాడి చేతులు ఆ జానెడు దూరం దాటాయి. వాడు ఆమె మొహంకేసే చూస్తున్నాడు, ఎప్పుడు పడుతుందా అని. ఆమె పెదవి విప్పలేదు.

వాడి కేకకి లాయరు కాగితాలు జారవిడిచాడు. రెండు వేళ్లు పొట్టులో పడ్డాయి. రంపమ్మ చెక్క కొసదాకా లాగి, మిషను ఆపింది.

"రాసుకోండి," అంది. "నడిపాను."