పెదవులు మూసి తీసిన ఎక్స్‌రే

మా అమ్మ నవ్విన ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆమె నవ్వని మనిషని కాదు. వరంగల్ స్టేషన్ రోడ్డు పక్క సందులో మాది స్టీలు సామాన్ల దుకాణం. సందు మలుపు తిరగ్గానే ముందు ఆమె నవ్వు వినిపించేది, ఆ తర్వాతే గిన్నెల చప్పుడు. కానీ ఎవరైనా ఫోటో తీస్తామని ఫోన్ ఎత్తితే చాలు, రెండు పెదవులూ బిగించి మూసేసేది, లేదంటే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమెకు పై పళ్లు కాస్త ముందుకు, కింది దవడ కొద్దిగా వెనక్కి ఉండేవి. పెదవులు వాటంతట అవి కలిసేవి కావు, ఆమె ప్రయత్నం మీద కలపాల్సి వచ్చేది. అలా కలిపినప్పుడల్లా గడ్డం మీది చర్మం నిమ్మతొక్కలా చిన్న చిన్న గుంటలు పడేది.

అదే నోరు మా చెల్లికి వచ్చింది, అచ్చు గుద్దినట్టు. నాకు మాత్రం బాపు మొహం వచ్చింది, పొడుగు గడ్డమూ, ఎప్పుడూ మూసుకుని ఉండే నోరూ. నాకూ చెల్లికీ పన్నెండేళ్ల తేడా. సెలవులకు ఇంటికొచ్చి నేను దుకాణంలో కూర్చుంటే, గిరాకీకి వచ్చిన ఆడవాళ్లు ఈ పిల్ల ఎవరని అమ్మను అడిగేవాళ్లు. చెల్లి గురించి ఎవరికీ అడగాల్సిన పనే ఉండేది కాదు. అమ్మ కరెంటు పెన్ను పట్టుకుని వంగి కూర్చుని, కొన్నవాళ్ల పేర్లు గిన్నెల అంచుల మీద చెక్కేది. పక్కన స్టూలు మీద చెల్లి హోంవర్క్ రాసుకునేది. పనిలో పడితే ఇద్దరి పై పళ్లూ కింది పెదవి మీద ఒకే తీరుగా ఆనుకుని ఉండేవి. నాకు కుళ్లుగా ఉండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

నేను పళ్ల డాక్టరునయ్యాను. అందులోనూ పళ్లనూ దవడలనూ సరిచేసే చదువు చదివాను. హనుమకొండ చౌరస్తా దగ్గర మొదటి అంతస్తులో క్లినిక్ తెరిచిన రోజే అమ్మ చెల్లిని చెయ్యి పట్టి లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. దానికప్పుడు పదిహేనేళ్లు. నా మొదటి పేషెంటు అదే.

"దీని నోరు మంచిగ చెయ్యి బిడ్డా. నా లెక్క కొంగు అడ్డం వెట్టుకొని బతుకొద్దు ఇది," అంది అమ్మ.

తనకు ఇలాగే బాగుందని చెల్లి గొణిగింది. స్కూల్లో ఎవరూ ఏమీ అనడం లేదట, అన్నా దానికి ఫికర్ లేదట. నిజమే, అది నోరంతా తెరిచి, కళ్లు చిన్నవి చేసుకుని నవ్వే పిల్ల. దాని మాట మేమిద్దరం చెవిన పెట్టలేదు. అమ్మకు తను పడ్డ బాధ గుర్తొచ్చింది. నాకు కొత్తగా చదువుకున్న చదువు చేతుల్లో దురద పెడుతోంది.

నా పని సంగతి కొంచెం చెప్పకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. ముందు తలను పక్క నుంచి ఎక్స్‌రే తీయిస్తాం. దాని మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌తో ఎముక గీస్తాం. పుర్రె అడుగు, పై దవడ, కింది దవడ, ముందు పళ్ల వాలు, అన్నీ గీసి కోణాలు కొలుస్తాం. అన్నింటికంటే చివర ముక్కు, పెదవులు, గడ్డం, అంటే ఎముక మీదున్న మెత్తటి మాంసం గీత. మాకు నేర్పినవాళ్లు కూడా దాన్ని చివరే గీయించారు. ఎముక గోడ, మాంసం దాని మీద వేసిన సున్నం అనుకునేదాన్ని నేను. గోడను సరిచేస్తే సున్నం దానంతట అదే కుదురుకుంటుందని ధీమా. కుదురుకోదు. ఏ ఇద్దరి దవడలు ఒకేలా ఉన్నా, పెదవుల మందం ఒకేలా ఉండదు. మందపాటి పెదవి, పళ్లు వెనక్కి వెళ్లినా చాలావరకు తన చోటనే ఉంటుంది. పల్చటి పెదవి పళ్ల వెంటే లోపలికి పోతుంది. అమ్మవి పల్చటి పెదవులు, చెల్లివీ అంతే. ఈ సంగతి పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఎక్స్‌రే తీసేటప్పుడు వెనక పళ్లు కలిపి ఉంచాలి, పెదవులను మాత్రం వదులుగా వదిలేయాలి. అదీ తెలుసు నాకు. అప్పటికి సొంత మిషన్ లేదు కాబట్టి చెల్లినీ, తోడుగా వచ్చిన అమ్మనూ బయట ఒక ఎక్స్‌రే సెంటర్‌కు తీసుకెళ్లాను. డాక్టరమ్మవు కదా, నువ్వే సరిగ్గా నిలబెట్టుకో అన్నారు అక్కడివాళ్లు. తల కదలకుండా చెవుల దగ్గర కడ్డీలు సరిచేసి, నేను వెనక్కి వచ్చి అమ్మ పక్కన నిల్చున్నాను. అప్పుడు అమ్మ గుమ్మంలోంచి ఒక్క మాట అంది.

"పెదవులు మూస్కో బిడ్డా. లేకుంటె ఫోటో మంచిగ రాదు."

చెల్లి బిగించి మూసుకుంది. ప్రతి పెళ్లిలోనూ, ప్రతి బతుకమ్మ నాడూ, గ్రూపు ఫోటోకు ముందు మా ఇంట్లో వినిపించే మాటే అది. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట కావడంతో నాకు తప్పుగా తోచలేదు. వేరే పిల్ల తల్లి ఎవరైనా ఆ మాట అని ఉంటే కసురుకుని ఉండేదాన్ని. మా అమ్మ అనేసరికి, ఎక్స్‌రే తీసేయమని వాళ్లకు నేనే తల ఊపాను.

నోరు అలా బిగిస్తే గడ్డం మీది మాంసం పైకి లాక్కుపోయి చదునవుతుంది. అందుకే ఆ ఎక్స్‌రేలో చెల్లి గడ్డం ఉన్నదానికంటే చిన్నదిగా, దాని పక్కన పెదవులు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపించాయి. నేను ఆ గీతను నమ్మి కూర్చున్నాను. ఇంట్లో రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మొహాన్ని ఒకసారి తలెత్తి చూసి ఉంటే సరిపోయేది. నాలుగు పళ్లు తీయించి, ఆ ఖాళీలోకి ముందు పళ్లను పూర్తిగా వెనక్కి లాగాలని కేసు షీటులో రాసుకున్నాను.

రెండేళ్లు పైనే పట్టింది. చెల్లి నెలనెలా వచ్చి, వైరు బిగించుకుని, మూతి ముడుచుకుని వెళ్లేది. మధ్యలో ఒకసారి చేతి అద్దంలో చూసుకుని, ముక్కు పెద్దదైనట్టుంది అక్కా అంది. ముక్కు పెరగలేదు. దాని కిందున్న పెదవి తగ్గింది. ఆ మాటకైనా నేను ఆగాల్సింది. ఆగకపోగా, ఈ వయసులో ముక్కులు పెరుగుతాయిలే, రేపు ముక్కుపుడక పెట్టుకోవడానికి చోటు కావాలి కదా అని ఆటపట్టించి పంపించాను. కళ్లు నెత్తికెక్కడమంటే ఏమిటో ఎవరైనా అడిగితే నా ఆ రోజులు చూపిస్తాను.

క్లిప్పులు తీసిన రోజు అమ్మ దుకాణాన్ని బాపుకు అప్పగించి మరీ వచ్చింది. చెల్లి పళ్లు వరుసగా ఉన్నాయి. పెదవులు వాటంతట అవే కలిశాయి. నా కాగితం మీద కోణాలన్నీ పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. అమ్మ చెల్లి గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, మొహాన్ని అటొకసారి ఇటొకసారి తిప్పి చాలాసేపు చూసింది. ఎలా ఉందని అడిగితే మస్తుగున్నదంది. నీకు కూడా చేస్తాను రా అన్నాను. ఈ వయసులో తనకెందుకంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను.

ఆ తర్వాత ఏడు నెలలకు అమ్మ పోయింది. పొద్దున దుకాణం షట్టర్ ఎత్తుతూ కూలబడిపోయింది. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది.

దినాలకు పెట్టడానికి ఫోటో కావాల్సి వచ్చింది. ముగ్గురం మూడు ఫోన్లూ ముందేసుకుని కూర్చున్నాం. ఎందులో చూసినా బిగించిన పెదవులే, లేదంటే కొంగు. ఉన్నవాటిలో ఒకటి ఏరి ఫోటో స్టూడియోకు ఇస్తే, పెద్దది చేసి ఫ్రేము కట్టి పంపించారు. బాపు దాన్ని చూసి, ఎవరో పరాయి ఆమె లెక్క ఉన్నదని పక్కకు తిప్పి పెట్టాడు. నేను ఏ పాపమూ ఎరుగని ఆ స్టూడియో అతనికి ఫోన్ చేసి కేకలేశాను.

అప్పుడు బాపూ నేనూ, ఏమీ అనుకోకుండానే, చెల్లి వైపు చూశాం. ఎందుకు చూస్తున్నామో దానికి అర్థమైంది. ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతోనే, మా కోసం అది నవ్వడానికి ప్రయత్నించింది. చక్కటి పళ్లు, చక్కగా కలిసిన పెదవులు. ఎంత వెతికినా ఆ నవ్వులో మా అమ్మ లేదు. బాపు తల దించుకున్నాడు. అమ్మ పోయిన రోజు కంటే ఆ రోజే ఎక్కువ ఏడ్చాను.

రెండు వారాల తర్వాత చెల్లి క్లినిక్‌కు వచ్చి, చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

"అక్కా, ఈ పండ్లను మల్ల ముందలికి తేవస్తదా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. ఖాళీ మళ్లీ తెరవచ్చు, పళ్లను కొంత ముందుకు నెట్టవచ్చు, కానీ పెదవి మళ్లీ అలాగే వచ్చి కూర్చుంటుందని మాట ఇవ్వలేనన్నాను. తీయించిన పళ్లు ఎలాగూ తిరిగి రావు. అయితే వద్దులే అంది అది. నేను ఏడుస్తుంటే అదే లేచి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

చేసేదేమీ లేక, దాని పాత ఫైలు తీశాను. వైద్యం మొదలుపెట్టే ముందు మేము తప్పనిసరిగా నవ్వించి ఒక ఫోటో తీస్తాం. అందులో పదిహేనేళ్ల చెల్లి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. దాన్ని ప్రింటు తీయించి దుకాణానికి తీసుకెళ్లి బాపు చేతిలో పెట్టాను. బాపు అద్దాలు తుడుచుకుని చూశాడు. ఆ నోటి మీద బొటనవేలుతో మెల్లగా నిమిరాడు. బాపు మామూలుగా పది మాటలు అడిగితే ఒక మాట చెప్పే మనిషి.

"క్లిప్పులు తీసిన దినం మీ అమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలే," అన్నాడు. "చిన్నదాని మొకంల ఇగ నేను లేను అన్నది. నేనే చెయ్యమన్న గదా, పెద్దదానికి మాత్రం చెప్పకు, పానం గిలగిల కొట్టుకుంటది అని నాతోని ఒట్టు వేయించుకున్నది."

క్లిప్పులు తీసిన ఆ రోజు సాయంత్రం నేనేం చేశానో బాపుకు తెలియదు. చెల్లి పాత నవ్వునూ కొత్త నవ్వునూ పక్కపక్కన పెట్టి, కింద 'ముందు', 'తర్వాత' అని రాసి, అందరికంటే ముందు అమ్మకే వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు వెంటనే వచ్చాయి. జవాబు రాలేదు. దుకాణంలో గిరాకీ ఉండి ఉంటుందనుకుని, తర్వాతి పేషెంటును పిలిచాను.