మధ్యాహ్నం నిద్రకు బేరం

మా చిన్నాడికి ఎనిమిదో నెల నడుస్తుండగా ఒకరోజు పొద్దున, తోపుడుబండి అతను బెండకాయలకు ఎంత చెప్పాడో అంతా ఇచ్చేశాను. అతను డబ్బు అందుకోలేదు. నా మొహంలోకి చూశాడు.

"ఏందమ్మా, తబియత్ గిట్ల బాగలేదా?"

"బాగానే ఉంది."

"మరి ఏమంటలేవు?"

ఏమనాలో నాకు గుర్తు రాలేదు. అతను పరేషానై, తనే కొంత తగ్గించుకుని, గుప్పెడు పచ్చిమిరపకాయలు, ఒక కొత్తిమీర కట్ట సంచిలో వేసి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. లోపలికొచ్చి కూర్చున్నాక అర్థమైంది, నేను బేరమాడటం మరిచిపోయానని.

ఇది మామూలు మరుపు కాదు. మాది గుంటూరు బజారులో స్టీలు సామాన్ల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. అటు బట్టల కొట్టు, ఇటు కిరాణా, ఎదురుగా గాజుల కొట్టు. నాకు 'అత్త', 'తాత' కంటే ముందు 'ఆఖరు మాట చెప్పండి' అనడం వచ్చిందని మా అమ్మ చుట్టాలకు చెప్పుకునేది. చెప్పిన ధర ఇచ్చి వెళ్ళిపోయేవాణ్ణి మా వీధిలో మంచివాడనుకునేవాళ్ళు కాదు. ఒంట్లో బాగాలేదేమో, ఇంటికి క్షేమంగా చేరతాడా అని వెనకనుంచి చూసేవాళ్ళు. ఆ బండి అతను నన్ను చూసిన చూపు సరిగ్గా అదే.

నాకు జబ్బేమీ లేదు. నిద్ర లేదు, అంతే.

అప్పటికి మేం చందానగర్‌లో, ముంబై హైవేకి కొంచెం లోపలగా, ఒక ఇంటి కింది వాటాలో కిరాయికి ఉన్నాం. మా ఆయన మాదాపూర్ వైపు కొత్తగా లేచిన అద్దాల మేడలో ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయట. అలా మరిచిపోకుండా చూడటం ఆయన పని. ఇంట్లో నేను ఏ వారమో మరిచిపోయి చాలాకాలమైంది. దానికి మాత్రం ఏ కంపెనీ ప్రాజెక్టు పెట్టలేదు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాక వచ్చేవాడు, వచ్చిన మనిషి చెప్పులు విప్పుతూనే నిద్రపోగలడు. ఆ విద్య వాళ్ళ వంశంలో ఉంది. పిల్లలకు రాలేదు.

పెద్దదానికి మూడేళ్ళు. తమ్ముడు పుట్టిన రోజు నుంచి అది పగటి నిద్ర మానేసింది, నిరసనగా. చిన్నాడు పడుకునేవాడు గానీ అక్క మేలుకుని ఉన్నంతసేపూ ఒక కన్నుతోనే. ఇద్దరూ ఒకేసారి కళ్ళు మూయకూడదని వాళ్ళలో వాళ్ళకు ఏదో ఒప్పందం ఉన్నట్టుండేది, కొట్టు కాపలా కాసే అన్నదమ్ముల్లా.

"పిల్లలు పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని అందరూ చెప్పేవాళ్ళు. ఈ సలహా మా అమ్మ ఉత్తరంలో వచ్చింది, అత్తగారి ఫోనులో వచ్చింది, డాక్టరమ్మ నోటి వెంట కూడా వచ్చింది. ఇంత చవగ్గా, ఇంత టోకుగా దొరికే సరుకు మంచిది కాదని నాకు అప్పుడే అనుమానం రావలసింది. పిల్లలు పడుకున్నప్పుడు నేను పడుకుంటే, వాళ్ళు లేచాక కట్టడానికి ఉతికిన గుడ్డ ఎక్కడిది?

నిద్రలేమి మనిషిని ఒక్కసారిగా పడగొట్టదు. మెల్లగా పరువు తీస్తుంది. పాలలో ఉప్పు వేశాను. తాళంచెవులు బియ్యం డబ్బాలో దొరికాయి. అవి అక్కడున్నందుకు కాదు, దొరికినప్పుడు నాకు ఆశ్చర్యం వేయనందుకు భయపడ్డాను. ఒకరోజు పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, గోడకు చేరగిలబడి కునుకు తీశాను. గిన్నె మాడి వంటిల్లంతా పొగ కమ్మేదాకా తెలియలేదు. చిన్నాడు ఒళ్ళోనే ఉన్నాడు. ఆ రోజు నుంచి నాకు కావలసింది ఒకటే అని తేల్చుకున్నాను. మధ్యాహ్నం పూట కాస్త నిద్ర. చీరలు వద్దు, బంగారం వద్దు, సినిమా వద్దు. పిల్లలిద్దర్నీ ఎవరైనా చూస్తుండగా, తలుపేసుకుని, పడుకోవాలి.

అది దొరికే చోటు ఒకటే ఉంది. పై వాటాలో మా ఇంటివాళ్ళావిడ. యాభై దాటిన గట్టి మనిషి. గోపన్‌పల్లిలో పొలాలున్న కుటుంబం, కొంత అమ్మి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. నలుగురు పిల్లల్ని పెంచింది, నాట్లేసింది, ఇప్పుడు మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుని వీధిని చూస్తుంటుంది. అమ్మేవాడు అవసరం మొహంలో కనపడనివ్వకూడదని మా నాన్న నేర్పాడు కాబట్టి, నేను నా కూతుర్ని సరుకులా పొగుడుతూ మొదలుపెట్టాను.

"పిన్నిగారూ, మధ్యాహ్నం మీకు తోచకపోతే మా అమ్మాయిని పంపిస్తానండీ. భలే కబుర్లు చెప్తుంది."

"నాకు మస్తు తోస్తది బిడ్డా" అంది ఆవిడ, వీధిలోంచి కళ్ళు తిప్పకుండా.

అక్కడితో ఆ కొట్టు మూతపడింది.

మళ్ళీ తెరిపించింది పాతబట్టలకు గిన్నెలిచ్చే మనిషి. ఆమె మా గేటు దగ్గర బుట్ట దించి, మా ఆయన పాత ప్యాంట్లు రెండు వెలుగుకేసి ఎత్తి చూసి, ఒక చిన్న గిన్నె ఇస్తానంది. నాకు మిగతా లోకం మసకగా ఉన్నా స్టీలు విషయంలో మాత్రం ఇంకా ప్రాణం ఉండేది. గిన్నె అంచు మీద గోటితో కొట్టి, చప్పుడు విని, తిరిగి బుట్టలో పెట్టేశాను. చంకలో పిల్లాడు, కొంగు పట్టుకుని పిల్ల, ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు. చివరికి ఆమె మూతున్న పెద్ద డబ్బా ఇచ్చి, పిల్లలున్న ఇల్లని ఇస్తున్నానమ్మా అని గొణుక్కుంటూ వెళ్ళింది. తలెత్తితే మెట్ల మీద మా ఇంటివాళ్ళావిడ. సాయంత్రం తనే కిందికి దిగొచ్చింది.

"మా చిన్నోని పెండ్లి వైశాఖంల. చుట్టాలకు పెట్టే చీరలు మస్తు గావాలె. నాకు దుకాణపోళ్ళతోని మాట్లాడ రాదు, సిగ్గయితది. నువ్వు నాతోని వస్తవా?"

నేను మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. కనపరిచేంత ఓపిక కూడా లేదు.

"వస్తాను గానీ పిన్నిగారూ, పిల్లలతో నాకెక్కడ కుదురుతుందండీ. మధ్యాహ్నాలు మీరు వాళ్ళని చూస్తానంటే..."

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

"ఒక్క గంట."

"గంటన్నర."

"సరే, పెండ్లి బట్టలన్నీ అయినంక. మంచిగ తగ్గియ్యాలె మరి."

సరుకు అందాకే ధర. ఆవిడకు దుకాణాల్లో సిగ్గేమో గానీ ఇంట్లో లేదు. నా నిద్ర ఆవిడ కొడుకు పెళ్ళిచీరల మీద ఆధారపడింది.

ఆదివారం పూట వెళ్ళాం. పెద్దదాన్ని వాళ్ళ నాన్నకు అప్పగించి, చిన్నాణ్ణి ఎత్తుకున్నాను. హైవే మీద బజారులో ప్రొద్దుటూరు వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయన బట్టల కొట్టు. గోడల నిండా ఫ్యాన్లు, నేలంతా పరుపులు, వాటిమీద తెల్లటి దుప్పట్లు, ఆనుకోవడానికి బాలీసులు. కూర్చోగానే ఆవిడ చేతులు చాపింది.

"పోరగాన్ని నాకియ్యి. నువ్వు బేరం జూడు."

ఎనిమిది నెలల్లో నా ఒడి ఖాళీ అవడం అదే మొదటిసారి. వీపు వెనక బాలీసు. మొహానికి గాలి. నా మీద ఎవరి చెయ్యీ లేదు. పెద్దాయన చీరల కట్ట ముందు పడేసి ధర చెప్పడం గుర్తుంది. ఆ తరవాత జరిగింది ఆటోలో తిరిగొస్తూ ఆవిడ చెబితే తెలుసుకున్నాను.

"ఏం బేరం జేసినవ్ బిడ్డా. ఆయన ధర చెప్పిండు, నువ్వు కండ్లు మూసుకున్నవ్, వినబుద్ధి గాదన్నట్టు. జర తగ్గించిండు. నువ్వు ఉలకలె, పలకలె. నేనే పరేషాన్ అయిన. 'ఏమ్మా, పలకవేమి' అన్నడు. నువ్వు తల అడ్డం ఊపినవ్. మల్ల తగ్గించిండు. నువ్వు నోరు తెరిచి, ఏదో అనబోయి, మల్ల మూసినవ్. ఇగ ఆయనకు చెమటలు."

నాకు గుర్తున్నది చివరి ముక్క. "ఇంక నా వల్ల కాదు తల్లీ, నీ ఇష్టం" అని ఎవరో దీనంగా అంటుంటే ఉలిక్కిపడి "ఆఁ" అన్నాను. చీరలు కట్టేశారు.

నేనేం చెప్పలేదు. మా కొట్టులో కూడా లాభం ఎలా వచ్చిందో కొన్నవాళ్ళకు వివరించే అలవాటు లేదు. ఇంటికెళ్ళేసరికి మా ఆయన మంచం మీద గాఢనిద్రలో ఉన్నాడు, పెద్దది ఆయన రెండు కాళ్ళకూ నా గోళ్ళరంగు వేసి ఆరబెడుతోంది.

తరవాత వారం మగవాళ్ళ పంచెలు, రవికె గుడ్డలు. ఈసారి నేను ఆశతో వెళ్ళానని ఒప్పుకోవాలి. ఆవిడ చిన్నాణ్ణి తీసుకుంది, నేను బాలీసుకు ఆనుకున్నాను. పెద్దాయన నన్ను చూసి, మొదటి ధరే తగ్గించి చెప్పాడు. అప్పటికే కళ్ళు పడిపోతున్నాయి. ఆ కొట్టులో ఆ పావుగంట నిద్ర ఎంత బాగుండేదంటే, పెళ్ళికి ఇంకా ఎవరెవరికి బట్టలు పెట్టాలో ఆవిడకు నేనే గుర్తుచేశాను. "మీ మేనత్త తోడికోడలికి పెట్టరా పిన్నిగారూ?" అంటే ఆవిడ నా మంచితనానికి కదిలిపోయింది.

మూడోసారి పెళ్ళికూతురికి పెట్టే పట్టుచీర. దాంతో బట్టల పని పూర్తి, నా గంటన్నర మొదలు. ఆ ముందు రెండు రోజులూ చిన్నాడికి పళ్ళొస్తూ జ్వరం, నేను కూర్చునే ఉన్నాను. కొట్టులో బాలీసుకు ఆనుకున్నంతవరకే గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి నేను పరుపు మీద పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాను. తలకింద మడతపెట్టిన దుప్పటి. గోడ ఫ్యాను ఒకటి నావైపు తిప్పి ఉంది. పెద్దాయన దూరంగా ఇంకెవరికో చీరలు చూపిస్తూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. మా ఇంటివాళ్ళావిడ చిన్నాణ్ణి భుజాన వేసుకుని, కొన్న చీర సంచీ పక్కన పెట్టుకుని, నన్నే చూస్తోంది.

"ఎంతకు కొన్నారు పిన్నిగారూ?" అన్నాను లేచి కూర్చుంటూ.

"ఆయనెంత చెప్తే అంత."

పెద్దాయన ఇటు తిరిగాడు. "ఒకటి అడుగుతా తల్లీ, నిజం చెప్పు. ముందు రెండుసార్లు కూడా నిద్రేనా?"

నేను చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. ఆయన "ముప్పై ఏళ్ళ యాపారం నాది" అని, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగాడు.

ఆటోలో ఆవిడ చీర సంచీ ఒళ్ళో పెట్టుకుని వీధి వైపు తిరిగి కూర్చుంది. గంటన్నర పోయిందని నాకు తెలిసిపోయింది. ఒప్పుకున్న సరుకు ఇవ్వలేదు, ముందు రెండుసార్లు తగ్గిన ధర కూడా నా పనితనం కాదు. అయినా మర్నాడు పొద్దున పైకి వెళ్ళాను. పెళ్ళి గిన్నెలకు తోడొస్తానని, స్టీలు దగ్గర మాత్రం నిద్రపోనని చెప్పడానికి. ఆవిడ మెట్ల మీద చింతపండు గింజలు తీస్తోంది.

"దొంగ నిద్ర పోయేటోళ్ళను జూసిన" అంది తలెత్తకుండా. "దొంగ మెలకువ ఎన్నడు జూడలె."

"గిన్నెల పని మాత్రం నాకు బాగా..."

"ముందుగాలనే చెప్తే ఏమైతుండె? పిల్లలతోని సస్తున్న, జర పట్టుకోమని. నోరు లేదా?"

"మీకు మధ్యాహ్నం తోస్తుందన్నారు కదండీ."

"నువ్వు బిడ్డను అమ్మజూపినవ్, నేను వద్దన్న. పండుకోవాలె అని ఎన్నడన్న అన్నవా?"

అనలేదు. మా కొట్టులో పుట్టి పెరిగిన నాకు, ఎదురుగా ఏమీ పెట్టకుండా ఏదైనా అడగడం ఎలాగో తెలియదు. ఆ మాట చెప్పబోయి కొంగు కళ్ళకు అద్దుకున్నాను. నిద్ర లేనప్పుడు అదొక తంటా, బెండకాయలకు కూడా ఏడుపొస్తుంది.

"ఇయ్యాల్టి సంది ఇద్దర్ని పైకి తోలు."

"మరి మీకు బదులుగా..."

"ఏముంది నీ దగ్గర? నిద్ర గూడ లేకపాయె. పో."

ఆ మధ్యాహ్నం పిల్లల్ని పైకి పంపి, తలుపేసుకుని పడుకున్నాను. కాసేపు నిద్ర పట్టలేదు. ఊరికే వచ్చినదాంట్లో లోపం ఎక్కడుందోనని వెతుకుతూ ఉండిపోయాను. దొరికేలోపే నిద్ర పట్టేసింది.

లేచేసరికి కిటికీలో ఎండ రంగు మారింది. ఎక్కడున్నానో, ఎవరి అమ్మనో ఒక నిమిషం తెలియలేదు. పైకి పరిగెత్తాను. చిన్నాడు చాప మీద బోర్లా పడి నిద్రపోతున్నాడు. పెద్దది ఆవిడ జడ పూర్తిగా విప్పేసి, చిక్కులు పడేటట్టు దువ్వుతోంది. ఇల్లంతా పిల్లలు తిని చిమ్మిన పేలాలు. ఆవిడ గోడకు చేరగిలబడి, కళ్ళు సగం మూసుకుని ఉంది. ఆ కూర్చున్న తీరు నాకు బాగా తెలిసినదే.

"వచ్చినవా తల్లీ" అంది. "ఇది నోరు మూయదు. ఇది పండుకున్నదాక వాడు పండుకోలె, వాడు పండుకోంగనే ఇది లేసింది. గంటన్నర అనుకున్నం గానీ, ఒక్క గంట జేసుకుందాం."

ఒక మనిషి ఊరికే ఇచ్చినదాన్ని తగ్గిస్తుంటే సరేనని తల ఊపడం మర్యాద. ఆ మర్యాద నాకు తెలుసు. పైగా ఆవిడ అలసట నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ వీధిలో లేరు. కానీ నేను చాలా నెలల తరవాత మొదటిసారి నిండా నిద్రపోయి లేచాను.

"గంటంపావు చేద్దామండీ" అన్నాను.

ఆవిడ ఒక కన్ను పూర్తిగా తెరిచింది.

"మంచిగనే పండుకున్నట్టున్నవ్" అంది. "సరే తియ్, గంటంపావు. ముందుగాల దీని చేతిల దువ్వెన గుంజుకో."