గీతల మేస్త్రి చెయ్యి

కార్ల షెడ్డులో ఆ పెయింటరును అందరూ గీతల మేస్త్రి అంటారు. స్కేలు లేకుండా బండి పొడవునా సన్నని గీత లాగేస్తాడు. రంగు ఆరిన కారుకు కంపెనీ గుర్తు, పేరులోని అక్షరాలు తిరిగి అంటించేదీ ఆయనే. స్పిరిట్ గుడ్డతో తుడుస్తాడు, వేలి వెనకతట్టుతో తడిమి చూస్తాడు, ఊపిరి బిగబట్టి అక్షరాన్ని ఒక్కసారిగా ఆనిస్తాడు. రెండువైపులా అంటుకునే టేపు తాకిన చోటే పట్టేస్తుంది, ఇక జరపడమన్న మాటే ఉండదు. ఈమధ్య ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. తెలిస్తే బండి ఎవరు చేతికిస్తారన్న దిగులుతో భార్యకు కూడా చెప్పలేదు.

ఓ రోజు హార్డ్‌వేర్ కొట్టులో టేపు వద్దని, "నిదానంగా ఆరే గమ్ముందా అమ్మా?" అని అడిగాడు.

"అందరూ చిటికెలో అతుక్కునేది ఇమ్మంటారు, నీకేమొచ్చింది మేస్త్రీ?" అంటూ కొట్టామె నవ్వింది. ఆయన కూడా నవ్వు పులుముకుని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. షెడ్డులో మొదటి అక్షరం వంకరగా పడింది. గమ్ము ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి ఎడమచేత్తో మెల్లగా జరిపి సరిచేశాడు. రెండోదీ అంతే. తలెత్తేసరికి ఎదురుగా షెడ్డు ఓనరు. గమ్ము ట్యూబు వైపు చూశాడు, వణికే చేతి వైపు చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి మేస్త్రీ?" అన్నాడు గొంతు తగ్గించి.

మేస్త్రి అక్షరం మీంచి వేలు తియ్యలేదు.

"ఇది ఆరనివ్వండి సార్, చెప్తాను."