మడతక్క పాటలు

పెద్దాసుపత్రి లాండ్రీలో మడతల బల్ల దగ్గర పనిచేసే ఆవిడని అందరూ మడతక్క అనేవాళ్లు. నన్ను గయ్యాళి అంటారు. అననీ, నాకేం. దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి కాబట్టి ఆవిడకి ఎదురుగా నిలబడే పని నాది. తను రెండు కొసలు పట్టుకుంటుంది, నేను రెండు కొసలు పట్టుకుంటాను. దులుపుతాం, దగ్గరకొస్తాం, మళ్లీ దూరం జరుగుతాం. ఇన్నేళ్లలో నా మొగుడి మొహం కంటే ఆవిడ మొహమే ఎక్కువ చూశాను.

ఆ రాకపోకల మధ్య ఆవిడ పెదవులు కదులుతుండేవి. పాటలు కట్టేది, సొంతంగా. పైకి పాడమంటే మాత్రం చచ్చినా పాడేది కాదు.

"ఇంకా పచ్చిగా ఉందే. పండనీ."

"పండి, రాలి, పురుగు పట్టాక పాడతావా ఏం?" అనేదాన్ని. నవ్వి ఊరుకునేది.

తర్వాత గొంతు బొంగురుపోయింది. ఆవిరికి అనుకున్నాం, పడిసెం అనుకున్నాం. రెండూ కాదు. మేం ఎవరి దుప్పట్లు ఉతుకుతామో ఆ ఆసుపత్రిలోనే, పై అంతస్తులో, డాక్టరు చెప్పేశాడు. పుండు ముదిరింది, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు.

మరునాడు పనిలోకి వచ్చి, దుప్పటి కొసలు అందుకుంటూ అంది: "ఆపరేషన్ దాకా రోజుకో పాట పాడతానే. ఎలా ఉంటే అలా. సగమైనా సరే, వంకరైనా సరే."

"ఇప్పుడా బుద్ధొచ్చింది నీకు?" అని విరుచుకుపడ్డాను. నాకు ఏడుపొస్తే తిట్లే వస్తాయి. ఆ సంగతి ఆవిడకి తెలుసు.

మొదట్లో పాటలు వింటే దణ్ణం పెట్టి పారిపోవాలనిపించేది. మధ్యలో మాట దొరక్కపోతే "ఇక్కడేదో రావాలి" అని, ఆ ముక్కనే రాగంలో పాడేసేది. ఇస్త్రీ మిషను దగ్గరి పిల్ల పడీపడీ నవ్వేది. మూటలు విప్పే ముసలామె "ఉప్పూ లేదు, కారమూ లేదు" అని మొహం మీదే అనేది. మడతక్క చెవులు ఎర్రబడేవి. అయినా మరునాడు ఇంకోటి తెచ్చేది. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఇన్నేళ్లు గుట్టుగా దాచుకుని, ఇప్పుడా తల్లీ నలుగురిలో నవ్వులపాలవడం!

ఒక రోజు బాయిలరు మీద పాడింది.

"బాయిలరు మామా, బాయిలరు మామా, బుస్సుమంటావేం?
పొద్దు పొడవకముందే నీకు పొగరెందుకు మామా?"

అంతే పాట. దానికి ముందూ లేదు, వెనకా లేదు. కానీ మధ్యాహ్నానికల్లా ఇస్త్రీ పిల్ల దిండు గలీబులు పరుస్తూ అదే పాడుతోంది. ముసలామె అందుకుంది. రోజూ మా మీద గుడ్లురిమే సూపర్‌వైజరు కూడా తాళాల గుత్తి ఊపుకుంటూ "మామా, మామా" అంటూ పోయాడు. మడతక్క చేతిలో దుప్పటి జారిపోయింది.

"విన్నావా? నా పాట ఇంకొకళ్ల నోట్లోంచి వస్తోందే!" అంది. ఆ మొహం అంతగా వెలగడం నేను మళ్లీ చూడలేదు.

"మహా గొప్ప పాటలే! అసలుదేదో దాచి ఉంచావు కదా, అది పాడు."

అప్పుడు చెప్పింది. ఆవిడ తొలిచూలు ఆడపిల్ల జ్వరం వచ్చి పోయింది. తలుపు చాటున దాక్కుని, వెతకమని అమ్మని కేకేసే వయసు. ఆ పిల్ల మీద అప్పట్నుంచీ ఒక పాట కడుతోంది. ఇంట్లో అది పెదవి దాటదు. వింటే అత్తగారు ఏడుపందుకుంటుంది, మొగుడు చొక్కా తగిలించుకుని బయటికి పోతాడు.

"ఆ పాట ఒక్కటి ఎవరి నోట్లోనైనా మిగలాలే. మిగిలితే నా పిల్ల పూర్తిగా పోయినట్టు కాదు" అంది.

"మరి పాడి చావు తల్లీ!"

"దాన్ని మాత్రం సగంసగం పాడను. చివర్లో బాణీ కుదరట్లేదు. ఆఖరి రోజు పాడతా."

ఇదీ ఆవిడ చేసిన పని. తాలంతా ముందు పంచిపెట్టి, గింజని ఆఖరికి ఉంచుకుంది. నేను పోట్లాడాను. పోనీ ఫోన్లోనైనా పాడి పెట్టమన్నాను. "కుదరంది ఫోన్లో పెడితే ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది" అంది. మొండి ఘటం.

రోగం ఈవిడ పాట కుదిరేదాకా ఆగుతుందా? గొంతు రోజురోజుకీ అరిగిపోయింది. ఆఖరి రోజున సూపర్‌వైజరే మిషన్లన్నీ ఆపించాడు. అందరం బల్ల చుట్టూ చేరాం. ఆవిడ కళ్లు మూసుకుని నోరు తెరిచింది. గాలి వచ్చింది, గరగర వచ్చింది. మెడ నరాలు ఉబ్బాయి. ఎక్కడ పైకెళ్లిందో, ఎక్కడ దిగిందో ఒక్కరికీ అంతుపట్టలేదు. పాట అయిపోయింది. ఎవరూ నవ్వలేదు, అదే ఘోరం. ఆవిడ మా మొహాలు ఒక్కొక్కటే చూసి, మూతి తుడుచుకుని, దుప్పటి అందుకుంది.

ఆపరేషన్ అయ్యాక చూడ్డానికి వెళ్లాను. మొగుడు వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపల ఆవిడ మెడకి కట్టు, కట్టు మధ్యలో గొట్టం. మాట బదులు ఒక పలక ఇచ్చారు. నన్ను చూడగానే గబగబా రాసి చేతికిచ్చింది.

"తలుపు చాటున దాగున్నావని
తలుపు కదపను తల్లీ,
కదిపితే నువు లేవని తెలిసి
ముద్ద దిగదే తల్లీ."

చదివాను. మాటలైతే పలక మీద రాయొచ్చు. బాణీ ఎలా రాస్తుంది?

మంచం పట్టె మీద వేళ్లతో తాళం వేసింది. చెయ్యి పైకెత్తింది, దించింది. నేను పాడాను. నా గొంతు వింటే కాకులు కూడా సిగ్గుపడతాయి. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంకోలా పాడాను. కాదంది. చెయ్యి ఇంకా పైకెత్తింది, నాకు అందలేదు. "ఇలాగా అక్కా? పోనీ ఇలాగా?" అని అడుగుతూనే ఉన్నాను. పక్క మంచాల వాళ్లు చూస్తున్నారు, చూడనీ. టైమైపోయిందన్న నర్సుని కసిరాను. చివరికి నాకు తోచిన బాణీ ఏదో ఆ మాటలకి అతికించి, మొదట్నుంచి చివరిదాకా పాడేశాను.

మడతక్క చాలాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత అవునన్నట్టు తలూపింది.

అది కాదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. కళ్లలోంచి నీళ్లు కారి కట్టులోకి దిగుతున్నాయి, అయినా తలూపుతూనే ఉంది. ఇప్పుడు లాండ్రీలో అందరికీ ఆ పాట వచ్చు. మడతక్క పాట అంటారు. బాణీ నాది. ఆ పిల్ల పాటకి అసలు బాణీ ఆవిడ లోపలే ఉంది, ఏ రోజుకీ బయటికి రాదు.