ఎర్రగుడ్డ ఊపేదాకా

దెయ్యాల మాట ఎత్తిన మనిషిని మా నాన్నగారు మా అరుగు మీద రెండోసారి కూర్చోనిచ్చేవారు కాదు. నేనూ ఆ ఇంట పుట్టినవాణ్నే. శ్మశానం పక్క దారిన ఒంటరిగా ఎన్నోసార్లు నడిచాను, పాడుబడ్డ సత్రాల్లో పడుకున్నాను. ఎక్కడా ఏమీ కనిపించలేదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా నా కంటికి కనిపించింది కాదు. నేను పక్కన ఉన్నాను, అంతే.

మాది దివిసీమలో కృష్ణ ఒడ్డున ఒక ఊరు. ఎస్టేట్లు రద్దు కాకముందు ఆ ఊరూ, దాని రేవూ మావి. మా మేడకూ రేవుకూ మధ్య కరకట్ట ఒక్కటే ఉండేది.

ఆ రోజుల్లో ఒక ఆనవాయితీ. పడవ కానీ లాంచీ కానీ, జనం ఎక్కడం పూర్తయ్యాక దాన్ని నడిపే సరంగు బూర ఊది మా మేడ వైపు చూసేవాడు. మా ఇంట్లో ఎవరికీ ప్రయాణం లేకపోతే పైకిటికీలోంచి ఒక ఎర్రగుడ్డ ఊపేవాళ్లు. మాకోసం ఆగనక్కర్లేదు, వెళ్లవచ్చు అని దానికి అర్థం. ఆ గుడ్డ ఊపేదాకా పడవ కదిలేది కాదు. ఇప్పటివాళ్లు దీన్ని దర్పం అంటారు. అనుకోనివ్వండి. మేం మాత్రం మర్యాద అనుకున్నాం.

గుడ్డ ఊపే పని మా అమ్మది. కాపరానికి వచ్చిన కొత్తలోనే మా నాయనమ్మ ఆ పని అప్పగించిందట. మా ఇంట్లో ఆడవాళ్లకు ఘోషా. పుట్టింటికి వెళ్లాలన్నా తెరలు కట్టిన గూడుబండిలోనే వెళ్లేది. అందుకని అమ్మ ఎన్నడూ పడవ ఎక్కలేదు. గాలి తిరిగిన రోజుల్లో సముద్రం హోరు మా పెరట్లోకి వినిపించేది. అంత దగ్గర కాపురం ఉండి కూడా ఆవిడ సముద్రం చూడలేదు. ఊరందరినీ ఆ కిటికీలోంచే సాగనంపింది.

తరవాత ఎస్టేటు పోయింది, నాన్నగారూ పోయారు. మేడ పైభాగం విప్పించి టేకు దూలాలు అమ్మాను. కింది గదుల మీద తాటాకు కప్పించాను. ఆ గుడ్డ అంతకుముందే చివికిపోయి, లాంతరు చిమ్నీలు తుడవడానికి పీలికలైంది. పెడన అద్దకం గుడ్డ అది. ఒక మూల దీపం తగిలి కాలింది. చిన్నప్పుడు ఆ చిల్లులో వేలు దూర్చి ఆడుకున్నట్టు నాకు గుర్తు.

పంతొమ్మిది వందల అరవై ప్రాంతాల్లో అమ్మకు చూపు మందగించింది. బందరు తీసుకువెళ్లి చూపించాను. నరం చచ్చిపోతోంది, కత్తికీ కళ్లజోడుకూ లొంగేది కాదు అన్నారు డాక్టరుగారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ అంది:

"పూర్తిగా పోయేలోపు ఒక్కసారి సముద్రం చూపించు నాయనా."

ఆవిడ నన్ను అంతకుముందు ఏదీ అడిగి ఎరగదు.

ఆ చలికాలం బందరు వర్తకుడొకాయన ఆదివారాల్లో మా రేవు నుంచి షికారు లాంచీ నడిపాడు. కృష్ణ సముద్రంలో కలిసే చోటుదాకా తీసుకువెళ్లి, లాంచీలోనే భోజనం పెట్టి, సాయంత్రానికి వెనక్కి తెచ్చేవాడు. గుడివాడ నుంచీ బందరు నుంచీ కుటుంబాలు ముందు రోజే వచ్చి ఊళ్లో దిగేవి. నేను రెండు టిక్కెట్లు కొన్నాను. మా రేవులో మేం టిక్కెట్టు కొన్నది అదే మొదలు. గుమాస్తా గౌరవంగా ముందు కుర్చీలు చూపించాడు. వద్దని, కొన్న బల్ల మీదే కూర్చున్నాం.

ఆ ఆదివారం జనాన్ని తెల్లవారగానే ఎక్కించారు. దానికి కారణం ఉంది. పోటు తగ్గి పాటు మొదలై నీరు సముద్రంలోకి తీస్తుంటే, లాంచీ ఆ నీటితోనే దిగిపోవాలి. ఆలస్యమైతే ముఖద్వారం దగ్గర ఇసుక మేటలు బయటపడతాయి. అప్పుడు సముద్రం చూడకుండానే వెనక్కి తిరగాలి.

ఆ ఉదయం బాగా మంచు. ఏరు ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అందరం ఎక్కాం. బూర ఊదారు. మోకు విప్పారు. ఇంజను టకటకమంటోంది కానీ లాంచీ కదలడం లేదు. సరంగు చక్రం పట్టుకుని ఒడ్డు వైపే చూస్తూ నిలబడిపోయాడు.

గుడివాడ రైసుమిల్లు ఆసామి ఒకాయన, "ఏం సరంగూ, లాంచీక్కూడా వర్జ్యం చూస్తున్నావా?" అన్నాడు. "తన పెళ్లికే ముహూర్తం దాటాక వచ్చిన పెద్దమనిషి, ఈయన చెబుతున్నాడు" అంది ఆయన భార్య. లాంచీ అంతా నవ్వింది. సరంగు నవ్వలేదు.

రేవు మెట్ల మీద తడిగీత తేలింది. నీరు తీసేస్తోంది. మళ్లీ ఆదివారానికి అమ్మకు చూపు ఉంటుందో ఉండదో. లేచి సరంగు దగ్గరికి వెళ్లి ఎందుకు ఆపావని అడిగాను.

"మేడ మీద అమ్మగారు నుంచున్నారండి. చేతిలో గుడ్డుంది. అదేదో ఊపాక బయల్దేరదారని."

అతను నరసాపురం వైపు మనిషి. పనిలో చేరి వారం కాలేదు. నేనెవరో అతనికి తెలియదు. మా ఆనవాయితీ అసలే తెలియదు.

చూశాను. తాటాకు కప్పు, దానిపైన మంచు. మేడే లేదు. ఎలాంటి గుడ్డ అని అడిగాను.

"ఎర్రదండి. ఓ మూల కాలింది. పడుచావిడ." చిన్న గొంతుతో అన్నాడు: "పోదారంటే చెయ్యి రావట్లేదండి."

వచ్చి కూర్చుని, ఎందుకో తెలియదు, అమ్మ చెవిలో సంగతి చెప్పాను. అప్పటికి ఆవిడకు కరకట్టే పొగలాగా కనిపించేది. అలాంటిది, ఒకప్పుడు కిటికీ ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడికి తల తిప్పింది. ఆశ్చర్యపోలేదు. చాలాసేపు చూసింది.

"నేనే కదరా" అంది. "ఇక రావచ్చని ఎవరూ చెప్పలేదు. అట్లాగే నిలబడి ఉంది పిచ్చిది."

తరవాత లేచి నిలబడింది. తల మీది చెంగు తీసి చేత్తో పట్టుకుని, అంతమంది కొత్తవాళ్ల మధ్య, ఒడ్డు వైపు ఊపింది. కిటికీలోంచి ఊపినప్పటిలాగే, నెమ్మదిగా. మా ఇంటి ఆడవాళ్లు ఎవరూ ఎన్నడూ చేయని పని. నేను ఆపలేదు.

"ఊపారండి" అన్నాడు సరంగు. అతను మాకు వీపు పెట్టి ఒడ్డు వైపు చూస్తున్నాడు.

లాంచీ కదిలింది.

ఆ ప్రయాణం ఇప్పటికీ నాకు కల కన్నట్టే ఉంటుంది. మంచులోంచి మడచెట్లు వచ్చి మళ్లీ మంచులోకి పోయాయి. మేటల దగ్గర లాంచీ అడుగు ఇసుకను గీసుకుంది. అందరం ఊపిరి బిగబట్టాం. అది దాటిపోయింది. కాసేపటికి రెండు ఒడ్లూ పక్కకు తప్పుకున్నాయి. ఇక ముందు ఏమీ లేదు, వెలుతురు తప్ప.

అమ్మ రెప్ప వేయకుండా చూసింది. "ఇంతుందా" అంది. కొంతసేపయ్యాక, "ఆ తెరచాపకు అతుకు వేశారు చూడు" అంది. మంచి చూపున్న నేను ఎంతో వెతికితే గాని దూరాన ఆ పడవ కనిపించలేదు. దగ్గరికి వచ్చాక చూస్తే, తెరచాపకు నిజంగానే అతుకు ఉంది.

తిరుగు ప్రయాణంలో సరంగును మళ్లీ అడిగాను. ఊపాక ఆవిడ గుడ్డ మడతపెట్టుకుని, మెట్లు దిగడానికి అన్నట్టు లోపలికి వెళ్లిందన్నాడు. అంతకుమించి అతనికీ తెలియదు. ఆ వారమే పని మానేసి వెళ్లిపోయాడు.

రేవులో దిగి, అమ్మను చెయ్యి పట్టుకుని కరకట్ట ఎక్కించాను. ఆవిడ తల ఎత్తకుండానే, "పైన ఇప్పుడెవరూ లేరులే" అంది. ఉగాది వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. ఆ తరవాత చాలా ఏళ్లు బతికింది. మళ్లీ ఏదీ అడగలేదు.

ఎప్పుడో పోయినవాళ్లు కనిపించారని ఎవరైనా చెబితే ఇప్పటికీ నేను నమ్మను. కానీ ఆ రోజు మా అమ్మ బతికే ఉంది. నా పక్కన బల్ల మీద, నా భుజానికి ఆనుకుని కూర్చుని ఉంది. మరి లేని మేడ మీద గుడ్డ పట్టుకుని నిలబడింది ఎవరో, నాకు తెలియదు.